జింకవేటకు ఏ తూటా?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో శరదృతువు ముదిరి చెట్ల ఆకులు రాలు వేళకు జింకవేట దినములు వచ్చును. ఆ దినములలో అక్కడి చిన్న పట్టణములలోని తుపాకుల దుకాణములకు పోయినవారికి ఒక పాత వాదము తప్పక వినిపించును. జింకకు .270 మేలా, .308 మేలా, .30-06 మేలా అనునదే ఆ వాదము. మొదటిసారి తుపాకి కొనవచ్చిన యువకుడు ఈ అంకెలు విని తికమకపడును. చుట్టునున్న పెద్దలు తలకొక మాట చెప్పుదురు. ప్రతివాడును తాను చిరకాలముగా వాడుచున్న తూటాయే శ్రేష్ఠమనును. ఈ అంకెల అర్థమేమి, వాని నడుమ నిజమైన భేదమెంత, ఎంచుకొనువాడు వేనిని చూడవలెను అను విషయములను ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే జింకలవేట నిషిద్ధము. చుక్కల జింక తెలంగాణకును, కృష్ణజింక ఆంధ్రప్రదేశమునకును రాష్ట్ర జంతువులు. కావున ఇది మన ఊళ్లలో ఉపయోగపడు విద్య కాదు. అయినను మన పిల్లలును, బంధువులును టెక్సస్, జార్జియా మొదలగు రాష్ట్రములలో కాపురములున్నారు. అక్కడ అనుమతి పత్రము పొందినవారికి వేట చట్టసమ్మతము. ఇరుగుపొరుగువారినుండి వేటకు పిలుపు రావచ్చును. జింకమాంసము కానుకగా ఇంటికి రావచ్చును. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. ఈ ఎంపికలో పొరపాటు జరిగినచో నష్టపడునది కొనినవాని జేబు మాత్రమే కాదు. దెబ్బతిని, వెంటనే చావక, పొదలలో దాగి గంటల తరబడి బాధపడు నోరులేని ప్రాణి కలదు. ఆ ప్రాణిని తలచుకొనియే ఈ లెక్కలను చూడవలెను.

అక్కడ మిక్కిలిగా వేటాడబడునది తెల్లతోక జింక. అది బెదరినపుడు తోకను నిట్టనిలువుగా ఎత్తును. తోక క్రింది తెలుపు జెండావలె మెరయును. అందుచేత దానికి ఆ పేరు వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దాంతమున విచ్చలవిడి వేటవలన ఆ జాతి పలు రాష్ట్రములలో దాదాపు అంతరించినది. పిమ్మట కట్టుదిట్టములు వచ్చినవి. వేటకు ఋతువును, ఒక్కొక్కరు చంపదగిన జింకల సంఖ్యను నిర్ణయించిరి. 1937లో చేసిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టము రైఫిళ్లపైనను తూటాలపైనను నూటికి 11 వంతున వచ్చు పన్నును వన్యప్రాణి సంరక్షణకే కేటాయించినది. తోడేళ్లు లేని ప్రాంతములలో జింకలు మితిమీరి పెరిగి, పైరులను, అడవిలోని లేతమొక్కలను తినివేయుచున్నవి. అందుచేత అక్కడి ప్రభుత్వములు వేటను సంఖ్యానియంత్రణమునకు ఒక సాధనముగా ఎంచుచున్నవి.

ఇక తూటా సంగతి. తూటా అనగా నాలుగు వస్తువుల కూర్పు. ఇత్తడి తొడుగు ఒకటి. దాని లోపల తుపాకిమందు. అడుగున, సూది తాకినంతనే రవ్వ పుట్టించు చిన్న మూత. ముందు భాగమున దూసికొనిపోవు గుండు. రైఫిలు గొట్టము లోపల మరమేకువలె మెలి తిరిగిన గాడులుండును. ఆ గాడులవలన గుండు బొంగరమువలె తిరుగుచు, ఊగక తిన్నగా పోవును. క్యాలిబరు అనగా ఆ గొట్టపు లోకొలత, లేక గుండు వ్యాసము. .308 అనగా అంగుళములో వేయింట 308 వంతులు.

అయితే పేరులోని అంకెను పూర్తిగా నమ్మరాదు. .270 వించెస్టర్ గుండు వ్యాసము నిజమునకు .277 అంగుళము. .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ అను పేరులో మొదటి 30 వ్యాసమును, తరువాతి 06 అనునది 1906వ సంవత్సరమును తెలుపును. అమెరికా సైన్యము ఆ తూటాను స్వీకరించిన సంవత్సరమది. దాని గుండు కూడ .308 అంగుళపు గుండే. అనగా .308 వించెస్టర్, .30-06 అనునవి రెండును ఒకే వ్యాసముగల గుండును వదలును. భేదము తొడుగులో కలదు. .30-06 తొడుగు 63 మిల్లీమీటర్ల పొడవు; .308 తొడుగు 51 మిల్లీమీటర్లు. పొడవైన తొడుగులో మందు ఎక్కువ పట్టును.

వంశవృక్షమును చూచినచో ఈ తూటాలు ఎంత దగ్గర చుట్టములో తెలియును. .30-06 వంశపు తొడుగు మెడను సన్నము చేయగా 1925లో .270 పుట్టినది. ఆ తొడుగును పొట్టిచేసిన రూపమే 1952లో వేటగాండ్రకు విడుదలయిన .308. ఈ .308 మెడను సన్నము చేయగా 1955లో .243 వించెస్టర్ వచ్చినది. అదే తొడుగునుండి 1980లో 7 మి.మీ.-08 రెమింగ్టన్ వచ్చినది. ఇవి అన్నదమ్ముల బిడ్డలవంటివి. ఈ నడుమ, 2007లో వెలువడిన 6.5 క్రీడ్‌మోర్ మొదట గురిపందెముల కొరకు రూపొందింపబడినది. సన్నని పొడవైన గుండువలన అది దూరమున గాలికి తక్కువగా చలించును. అందుచేత వేటగాండ్రలోను అది ప్రసిద్ధి పొందినది.

చుట్టములైనంత మాత్రమున ఒకదాని చోట మరియొకటి పెట్టరాదు. రైఫిలు గొట్టముపై చెక్కిన పేరును, తూటా అడుగున ముద్రించిన పేరును అక్షరము తప్పక సరిపోవలెను. చూపునకు దూరినట్లు కనబడిన అన్యజాతి తూటాను పేల్చినచో తొడుగు పగిలి, మండుచున్న వాయువు పేల్చినవాని ముఖముపైకి రాగలదు. ఒకే ఇంట రెండు కొలతల రైఫిళ్లున్నవారు తూటాలను వేరువేరు పెట్టెలలో ఉంచుట ఇందులకే.

ఇప్పుడు లెక్కలకు వత్తము. గుండు బరువును గ్రెయినులలో చెప్పుదురు. మన పెద్దలకు తెలిసిన తులము సరిగా 180 గ్రెయినులు. జింకకు వాడు గుండ్లు చాలవరకు తులమునకు లోపు బరువే. .270 నుండి 130 గ్రెయినుల గుండు సెకనుకు సుమారు 3,060 అడుగుల వేగముతో వెలువడును. .30-06 నుండి 150 గ్రెయినుల గుండు సుమారు 2,900 అడుగులు, .308 నుండి అదే గుండు సుమారు 2,820 అడుగులు. 7 మి.మీ.-08 నుండి 140 గ్రెయినుల గుండు సుమారు 2,860 అడుగులు. .243 నుండి 100 గ్రెయినుల గుండు సుమారు 2,960 అడుగులు. గొట్టము పొడవును బట్టి, తయారీని బట్టి ఈ వేగములు కొంత హెచ్చుతగ్గులగును.

బరువును వేగమును కలిపి లెక్కించిన శక్తిని అడుగు-పౌనులలో చెప్పుదురు. గొట్టము మొన వద్ద .30-06కు సుమారు 2,800; .270కు 2,700; .308కు 2,650, 7 మి.మీ.-08కు 2,550; .243కు 1,950. ఇంగ్లాండు, వేల్సు దేశములలో 1991 నాటి జింకల చట్టము పెద్ద జాతుల జింకలకు కనీసము .240 అంగుళపు క్యాలిబరును, 1,700 అడుగు-పౌనుల శక్తిని విధించినది. మనము చెప్పుకొన్న అయిదు తూటాలును ఆ గీటును దాటినవే. అనగా, జింకను చంపజాలని తూటా ఈ జాబితాలో ఒకటియు లేదు.

మరి గురి మాట యేమి? గుండు గొట్టము వీడిన క్షణమునుండి భూమి దానిని క్రిందికి లాగుచునే యుండును. అందుచేత వేటగాడు తన దుర్భిణీ గురిని ఒక దూరమునకు కుదుర్చుకొనును. 200 గజములకు గురి కుదిర్చినచో, 300 గజముల వద్ద .270 గుండు గురికంటె సుమారు ఆరున్నర, ఏడు అంగుళములు క్రిందికి దిగును. .308 గుండు సుమారు ఎనిమిది అంగుళములు దిగును. తక్కినవి ఈ రెండింటి నడుమనే ఉండును. అనగా దశాబ్దములుగా వాదింపబడిన ఈ భేదము 300 గజముల దూరమున ఒకటి, ఒకటిన్నర అంగుళము. తెల్లతోక జింక గుండెయు ఊపిరితిత్తులును ఉన్న మర్మస్థానము సుమారు ఎనిమిది అంగుళముల పళ్లెమంత. తూర్పు రాష్ట్రముల చిక్కని అడవులలో వేట ఎక్కువగా నూరు గజముల లోపుననే జరుగును. ఆ దూరమున ఈ భేదము కంటికి ఆనదు. తొందరలో, చలిలో, ఆయాసముతో నిలుచున్న మనిషి చేతి వణకు దానికి ఎన్నో రెట్లుండును.

అవుట్‌డోర్ లైఫ్ పత్రికలో చాలకాలము తుపాకులను గూర్చి వ్రాసిన జాక్ ఓకానర్ .270ను మెచ్చుకొని, దానికి ఎనలేని కీర్తి తెచ్చెను. .30-06ను మెచ్చినవారును తక్కువ కారు. పెద్ద దుప్పి జాతులను కూడ వేటాడగోరువారికి అది 180 గ్రెయినులును, అంతకు మించిన బరువును గల గుండ్లను మోయగలదు. ఈ మెప్పులు రెండును నిజమే. కాని అవి కొండలలో దూరపు వేటకును, భారీ జంతువులకును చెందిన గుణములు. జింక ఒక్కదానికే తుపాకి కొనువాడు వాని మీద తగవుపడ నక్కరలేదు.

అయితే జింక త్వరగా చచ్చుట దేనిపై ఆధారపడును? గుండు తన తాకిడితో జింకను కూలద్రోయునని పలువురు భ్రమపడుదురు. నిజమునకు ఊపిరితిత్తులు, గుండె, పెద్ద రక్తనాళములు చిల్లిపడి రక్తము కారిపోవుటచే మెదడుకు ప్రాణవాయువు అందక జింక పడిపోవును. సరియైన చోట తగిలినను అది కొన్ని సెకనులు పరుగెత్తగలదు. నూరు గజములు పోయి పడుటయు కలదు. కడుపులో తగిలినచో గంటల తరబడి ప్రాణముతో ఉండును. .30-06 గుండు కడుపులో తగులుటకంటె .243 గుండు ఊపిరితిత్తులలో తగులుట వేయి రెట్లు మేలు. బలము హెచ్చినంత మాత్రమున గురి తప్పిన పాపము తీరదు.

ఇక్కడ గుండు నిర్మాణము ముఖ్యమగును. యుద్ధమునకు వాడు గుండు చుట్టును గట్టి లోహపు పొర యుండును. అది సన్నని రంధ్రము చేసి వెడలిపోవచ్చును. వేటకు మొన మెత్తనైన గుండును వాడవలెను. అది తగిలినంతనే పుట్టగొడుగువలె విచ్చుకొని వెడల్పయిన గాయము చేయును. పైన చెప్పిన ఆంగ్ల చట్టము ఇట్టి గుండునే విధించినది. మరీ మెత్తనిది భుజపుటెముక తాకి ముక్కలగును; మరీ గట్టిది విచ్చుకొనకయే దూరిపోవును. కావున దుకాణములో అడుగవలసిన మొదటి ప్రశ్న క్యాలిబరు కాదు. ‘‘ఈ పెట్టెలోని గుండు జింకల కొరకు చేసినదేనా?’’ అని అడుగవలెను.

రెండవ ప్రశ్నను తన భుజమును అడుగవలెను. గుండు ముందుకు పోవునపుడు తుపాకి వెనుకకు తన్నును. ఎనిమిది పౌనుల రైఫిలులో ఆ తన్ను .30-06కు సుమారు 17 అడుగు-పౌనులు; .270, .308లకు సుమారు 15, 7 మి.మీ.-08కు 13; .243కు ఎనిమిది, తొమ్మిది. అనగా .30-06 తన్ను .243 తన్నుకు దాదాపు రెండింతలు. నాలుగుసార్లు గట్టిగా తన్నులు తిన్నవాడు అయిదవసారి మీట నొక్కకముందే కన్ను మూయును, భుజము ముడుచును. తనకు తెలియకయే గుండును ప్రక్కకు త్రోయును. ఈ బెదురే గాయపడిన జింకలకు ఒక పెద్ద కారణము. కొత్తవారికి, యువకులకు, సన్నని శరీరము గలవారికి .243 గాని 7 మి.మీ.-08 గాని ఇప్పించుట ఇందులకే. అయితే తేలికపాటి .243 గుండుతో ఎముకను కోణముగా తాకు గురి పెట్టరాదు; జింక ప్రక్కకు తిరిగి నిలుచువరకు ఓపిక పట్టవలెను. పొట్టి తొడుగు తూటాలకు రైఫిలు కొంచెము పొట్టిగా, తేలికగా చేయవచ్చును, మోయుటకు సుఖము. కాని రైఫిలు తేలికయైన కొలది తన్ను హెచ్చునని మరువరాదు.

మూడవది అభ్యాసము. సంవత్సరమునకొక పెట్టె తూటాలు కొని, అందులో మూడు మాత్రము గురిపలకపై పేల్చి అడవికి పోవువారు కలరు. తమ ఊరి దుకాణమున ఎల్లప్పుడును దొరకునదియు, తాము ధారాళముగా కొనగలిగినదియు అగు తూటాను ఎంచుకొన్నవారు ఎక్కువ సాధన చేయుదురు. 2020, 2021 సంవత్సరములలో అమెరికాలో తూటాలకు గొప్ప కఱవు వచ్చినది. ముందుగానే కొంత నిలువ చేసికొన్నవారికి తప్ప తక్కినవారికి ఏ క్యాలిబరైనను ఒక్కటే అయినది.

ఇప్పుడు వంటయింటి సంగతి చెప్పవలెను. ఇది మన గృహిణులకు కూడ తెలియదగినది. గుండ్లలో చాలవరకు లోపల సీసము ఉండును. వేగముగా తగిలిన సీసపు గుండు కంటికి కనబడని తునకలుగా చెదరి, గాయమునకు దూరముగా కూడ మాంసములో చేరును. సీసము విషము. పసిపిల్లలకు, గర్భిణీ స్త్రీలకు అది మరింత హాని. అడవిలో వదలిన పేగులను తిను పక్షులకును అట్లే. కాలిఫోర్నియాలో మహాగృధ్రములగు కాండర్ పక్షులు ఈ విషముచే చచ్చుట గమనించిరి. తరువాత ఆ రాష్ట్రము 2019 జూలై 1 నుండి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించినది. వానికి బదులు రాగి గుండ్లు వచ్చినవి. రాగి సీసముకంటె తేలిక. అందుచేత అదే బరువునకు గుండు పొడవగును. కాబట్టి రాగిలో ఒక మెట్టు తక్కువ బరువును ఎంచుకొనుట పరిపాటి. రాగి గుండు విచ్చుకొనుటకు మంచి వేగము కావలెను. కనుక మరీ దూరమునుండి పేల్చరాదు. జింకమాంసము కానుకగా వచ్చినపుడు ఏ గుండుతో కొట్టినారని అడుగుట అమర్యాద కాదు. సీసమైనచో గాయము చుట్టునున్న మాంసమును ధారాళముగా కోసి పారవేయవలెను.

చివరి మాట చట్టమును గూర్చి. ఈ తూటాల వాదము అన్ని రాష్ట్రములలో చెల్లదు. ఒహాయో, ఇల్లినాయి వంటి సమతల ప్రాంతములలో ఊళ్లును పొలములును దగ్గరదగ్గరగా ఉండును. .30-06 వంటి తూటానుండి వెడలిన గుండు అడ్డులేనిచో మూడు మైళ్ల దూరము పోగలదు. అందుచేత అక్కడ చిరకాలము జింకలకు రైఫిలునే అనుమతింపలేదు. ఒహాయో 2014లోను, ఇల్లినాయి 2023లోను మెడ సన్నబడని నిటారు తొడుగుగల, తక్కువ దూరము పోవు కొన్ని తూటాలకు అనుమతి నిచ్చినవి. .270, .308 మొదలగునవి అందులో చేరవు. కొలరాడోలో జింకకు కనీసపు క్యాలిబరు .24. కావున తుపాకి కొనుటకు ముందు ఆ రాష్ట్రపు నిబంధనల పుస్తకమును చదువవలెను. చట్టము అనుమతించిన చోట కూడ, జింక వెనుక మట్టిగట్టు గాని కొండవాలు గాని లేనిదే మీట నొక్కరాదు. గుండు జింకలోనుండి దూసి ఆవలికి పోవచ్చును. ఆవల ఒక ఇల్లు ఉండవచ్చును.

ఇంతకును చెప్పవచ్చినది ఇది. మొదట చట్టమును చూడవలెను. పిమ్మట గుండు నిర్మాణమును, ఆ పిమ్మట తన భుజము ఓర్చు తన్నును, తరువాత అభ్యాసమునకు తగిన తూటాల లభ్యతను చూడవలెను. ఇవన్నియు సరిపోయిన తరువాతనే .270యా, .308ఆ, .30-06ఆ అను ప్రశ్న వచ్చును. అప్పటికి ఆ ప్రశ్నకు దాదాపు పని యుండదు. మూడింటిలో ఏదైనను చాలును. చేతిలోనున్న రైఫిలు ఇంతకుముందే ఇంట నున్నదైనచో కొత్తది కొననక్కరలేదు. ఆ డబ్బుతో నాలుగు పెట్టెల తూటాలు కొని, వేటకు ముందు నెలరోజులు గురిపలక ముందర కూర్చుండుట ఉత్తమము. ఎంత దూరమున తన పది గుండ్లును ఎనిమిది అంగుళముల పళ్లెములో పడునో, ఆ దూరమే ఆ వేటగాని హద్దు. ఆ హద్దు దాటిన జింకను పోనిచ్చుట నేర్చినవానికే తుపాకి పట్టు అర్హత కలదు.